పాలవ్వ అభిప్రాయాలు, నా సంతకాలు

గ్రంథాలయంలో ఊడ్చి తుడిచే మనిషి కావాలట అన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వాడకు పాలు పోసే అవ్వ. అందరం ఆమెను పాలవ్వ అనే పిలిచేవాళ్లం. వాళ్లకు ఒక గొర్లమంద, రెండు బర్రెలు ఉండేవి. మంద వెంట కొడుకులు పోయేవాళ్లు, బర్రెలను ఆమె చూసుకునేది.

నా భర్త పోయి అప్పటికి మూడు నెలలు. నేను గడప దాటడం మానేశాను. పాలవ్వ రోజూ పొద్దున పాలు పోశాక నా పక్కన కాసేపు కూర్చునేది. "తిన్నవా బిడ్డా" అని అడిగేది. తిన్నానంటే నమ్మేది కాదు, లేచి వెళ్లి పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసేది. అంతకుమించి మాటలుండేవి కావు. మా వైపు దీన్ని మందలించడం అంటారు. ఎవరింట్లో కష్టమొచ్చినా, ఎవరు మంచాన పడ్డా పోయి, పక్కన కూర్చుని, బాగోగులు అడిగి రావాలి. ఈ మాటను జర గుర్తుపెట్టుకోండి. నా కొలువులో నేను చేసిన పెద్ద తప్పు ఈ మాట దగ్గరే జరిగింది.

ఆ పొద్దున ఆమె గిన్నె మూత తీయలేదు. వస్తూనే చెప్పింది.

"కితాబుల ఇంట్ల మనిషి గావాల్నట బిడ్డా. ఊడ్సుడు, నీళ్లు జల్లుడు, కితాబులు సదురుడు. నీకు సదువొస్తది గద, పో."

"నేను బడికి పోలేదు అవ్వా. కాగితం అడుగుతరు."

"చీపురు పట్టనీకి కాగితమెందుకే."

నా చదువంతా ఇంట్లోనే. మా బాపు చాటలో ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. ఆ తర్వాత దేవుడి పద్యాలు, భజన పాటలు, పురాణాలు చదివించాడు. ఆయన పెట్టిన ఆ భిక్షతోనే ఇన్నేళ్లు బతికాను. మరునాడు గుట్ట నరసింహస్వామికి మనసులోనే దండం పెట్టుకుని గ్రంథాలయం మెట్లెక్కాను. పార్ట్‌టైం స్వీపర్‌గా తీసుకున్నారు. ఎనభైల నడుమ మాట ఇది. ఊళ్లో టీవీ నాలుగైదు ఇళ్లలోనే ఉండేది.

మా గ్రంథాలయం ఒక కిరాయి ఇల్లు. ముందు వసారా, వెనక రెండు గదులు, నాలుగు బీరువాలు. వసారాలో నిలబడితే దూరాన భువనగిరి గుట్ట కనిపించేది, ఎండలో పడుకున్న బర్రె వీపులాగా. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు తెరిచేవాళ్లం. నడుమ ఐదు గంటలు నావి. లైబ్రేరియన్ సారు తాళంచెవి నాకు ఇచ్చి ఇంటికి పోయేవాడు. కిటికీ సందుల్లోంచి వచ్చిన ఎండ పుస్తకాల వీపుల మీద మెల్లగా జరిగేది. వసారా దూలం మీద పావురాలు గొణిగేవి. ఆ గొణుగుడు నిద్రలోకి దిగుతున్న మనిషి చేసే జపంలా ఉండేది. ఇప్పుడు కళ్లు మూసుకున్నా నాకు ముందు వినిపించేది అదే.

చినిగిన పుస్తకాలకు గంజితో కాగితం అంటిస్తూ చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు దేవుడి కథలు తప్ప ఇంకో కథ చదివి ఎరగను. నవలలో మనుషులు దేవుళ్లు కారని, అయినా వాళ్ల కోసం ఏడుపొస్తుందని తెలిసి ఆశ్చర్యపోయాను.

చాయ్ హోటల్‌కు మధ్యాహ్నం పాలు పోసి పోతూ పాలవ్వ నన్ను చూడటానికి వచ్చేది. ఖాళీ క్యాను పక్కన పెట్టుకుని గడపకు ఆనుకుని కూర్చునేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "నా కాళ్లకు పెండ ఉంటది, నువ్వే మల్ల ఊడ్వాలె" అనేది. ఒకరోజు, "ఏం సదువుతున్నవే, మెల్లగ నోట్లె నమిలినట్టు? జర ఇనబడేట్టు సదువు" అంది. అట్లా మొదలైంది. రోజుకు ఇరవై పేజీలో, ముప్పై పేజీలో. ఆమె కళ్లు మూసుకుని వినేది. నిద్రపోయిందనుకుని ఆపితే, "ఆగినవెందుకు" అని కసిరేది.

విన్న ప్రతి పుస్తకం మీదా ఆమెకొక మాట ఉండేది. ఒక నవలలో కథానాయిక ఏడ్చినప్పుడల్లా వాన పడుతుంది. పాలవ్వ వేళ్ల మీద లెక్కపెట్టింది. "తొమ్మిది సార్లు పడ్డది. గామెను మనూరికి తోలుకొస్తె చెరువన్న నిండు." ఇంకో నవలలో ఒక అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. "పొద్దుందాక గామె గాడ్నే నిలబడె. మరి వాకిలెవరు ఊడ్సిన్రు? ఊడ్సినామె కత ఏడున్నది?" అంది. నేనూ ఊడ్చే మనిషినే.

జైలుకు పోయి వచ్చిన ఒకాయన ఆత్మకథ చదివాను. అందులో పెద్ద పెద్ద ఆలోచనలు చాలా ఉన్నాయి. ఆమె వాటికేమీ అనలేదు. ఆయన జైల్లో పప్పులో పురుగులు ఏరుకుని, ఏరినవాటిని గోడ మీద వరుసగా పెట్టి లెక్కచూసిన పేజీ వచ్చింది. "గిది నిజం. గీయన జైల్ల ఉన్నడు" అంది. ఇంకో నవలలో ఒక తల్లి కొడుకు శవం రాక కోసం స్టేషన్లో కూర్చుంటుంది. ఆ పూట పాలవ్వ క్యాను తీసుకుని పోయింది. మరునాడు వస్తూనే, "గా తల్లిని మందలిచ్చి రావాలని పానం కొట్టుకుంటాంది బిడ్డా. ఏ ఊరన్నరు?" అని అడిగింది. కథ అవ్వా అన్నాను. "నాకెరికే తీయ్, ఊరడిగిన" అంది.

అప్పుడే లైబ్రేరియన్ సారు ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి, అట్ట మీద 'ఈమధ్య చదివిన పుస్తకాలపై నా అభిప్రాయం' అని రాసి, పుస్తకాల బల్లకు పురికొసతో కట్టాడు. నెల తిరిగేసరికి అందులో 'బాగుంది' అని పదకొండు సార్లు, 'పరవాలేదు' అని నాలుగు సార్లు, 'ఫ్యాను తిరగడం లేదు' అని ఒకసారి ఉంది.

"అమ్మా, నువ్వు చదువుతున్నవ్ గద. నాలుగు ముక్కలు నువ్వు రాయి. చూసి మిగతావాళ్లు రాస్తరు" అన్నాడు సారు.

ఏం రాయాలో తెలియలేదు. పాలవ్వ అన్నవే రాశాను. ఆమె మాటల తోకలు కత్తిరించి, పుస్తకాల్లో ఉండే తోకలు అతికించాను. 'సదివిన' ఉంటే 'చదివాను' అయింది, 'ఊడ్సిన్రు' ఉంటే 'ఊడ్చారు' అయింది. కింద నా పేరు రాశాను. ఆమె పేరు రాస్తానంటే, "నాకు సదువు రాదని ఊరందరికి ఎరికే. నా పేరెందుకు, నవ్వనీకా" అంది. ఆమె వద్దంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నోటుబుక్కు నిజంగానే నడిచింది. అందులో చూసి పుస్తకం తీసుకునేవాళ్లు వచ్చారు. 'వాకిలెవరు ఊడ్చారు' అన్న మాటను డిగ్రీ కాలేజీ అమ్మాయిలు కాగితం మీద ఎక్కించుకుని పోయారు. "అమ్మా, ఇంత సూటిగా ఎట్ల రాస్తవు" అని అడిగేవాళ్లు. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు అబద్ధం. అది నాకు తీయగా ఉండేది కూడా. రోజూ దీపం పెట్టే మనిషినే, ఆ తీపి సంగతి మాత్రం దేవుడికి చెప్పుకోలేదు.

అట్లా నాలుగేళ్లు గడిచాయి. ఊళ్లో విద్యాశాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన సారు ఒకాయన ఉండేవాడు, అందరం పెద్దసారు అనేవాళ్లం. సొంతూరు కృష్ణానది అవతల. భార్యది మా ఊరి పక్క పల్లె. ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇంట్లో స్థిరపడ్డారు. ఆయన తన ఉద్యోగ జ్ఞాపకాలు అచ్చు వేయించి, ఒక ప్రతి మా గ్రంథాలయానికి ఇచ్చాడు. రెండువందల పేజీలు. నిజం చెప్పాలంటే మంచి పుస్తకమే. బురదలో దిగబడ్డ జీపు, చెట్టు కింద బడి, మంత్రికి ఎదురు చెప్పిన పంతులు. అన్నీ కళ్లకు కట్టేవి. పాలవ్వ నాలుగు మధ్యాహ్నాలు బుద్ధిగా వింది. ఐదో రోజు నేను రెండు వాక్యాలు చదివాను. 'ఆ సంవత్సరమే మాకు కలిగిన శిశువు దక్కలేదు. మర్నాడే తనిఖీకి బయలుదేరవలసి వచ్చింది.' ఆ తర్వాతంతా తనిఖీ సంగతే.

"ఆగు" అంది పాలవ్వ. "మల్ల సదువు."

చదివాను.

"ఎన్క పేజీల ఉన్నదేమో సూడు. పసిగుడ్డు వోయినంక పెండ్లాన్ని ఒక్కసారన్న మందలిచ్చిండా?"

వెనక్కి, ముందుకు తిప్పి చూశాను. పుస్తకమంతా తిప్పాను. భార్య మూడు చోట్ల ఉంది. ఒకచోట కాఫీ ఇచ్చింది, ఒకచోట ట్రంకుపెట్టె సర్దింది, ఒకచోట జ్వరమొచ్చి తగ్గింది.

"లేదవ్వా."

"గదే రాయి" అంది. క్యాను తీసుకుని పోయింది.

రాశాను. 'ఇంత నిండు జీవితంలో రచయిత తన భార్యను ఒక్కసారైనా మందలించలేదు.' తోక మార్చాను, మాట అట్లాగే ఉంచాను. కింద సంతకం.

వారం తర్వాత పెద్దసారు పొద్దున్నే వచ్చాడు. నోటుబుక్కు తెరిచి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది నువ్వే రాశావా అమ్మా?"

తల ఊపాను. కోపమొచ్చింది కాబోలనుకుని చీపురు గట్టిగా పట్టుకున్నాను.

"నేను నా భార్య మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. అవి రాసుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని రాయలేదు. రాయనిది కూడా చదివావు తల్లీ. మా ఊరి పండితులు కూడా ఇంతమాట రాయలేదు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన పోయాక లైబ్రేరియన్ సారు కుర్చీలో ముందుకు వంగి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"పుస్తకాల భాషల మందలించుడంటె కోప్పడుడమ్మా. నాకూ బడిల గిదే తిప్పలయింది. పాఠంల గురువు శిష్యుని మందలించెను అని ఉంటె, పాపం మంచి గురువు, బాగోగులడిగిండు అని రాసిన. మా పంతులు నన్ను రెండు తీర్ల మందలిచ్చిండు."

నేను బడికి పోలేదు. నాకు ఆ దెబ్బ పడలేదు. అందుకే పుస్తకాల్లో ఆ మాట ఎదురైనా మా అర్థంతోనే చదువుకుపోయాను. కోప్పడలేదని నేను మెచ్చుకున్నానని పెద్దసారు అనుకుంటున్నాడు. పలకరించలేదని మేము అన్నాం.

"నేను పోయి చెప్పి వస్త సారూ" అన్నాను.

సారు నవ్వు ఆపాడు. "జర ఆగమ్మా. నీ పర్మనెంటు కాగితం కమిటీ ముందర ఉన్నది. చైర్మన్ గీయన శిష్యుడు. వచ్చేనెల మన వార్షికోత్సవంల గీయనే నీ పేరు చెప్తనన్నడు. గందాక ఒక్క అర్థంతోని సరిపెట్టుకో."

నేను ఆగాను. అప్పటికి ఐదేళ్లుగా పార్ట్‌టైమ్‌నే. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికి పోవలసిన మనిషిని. ఒక ముసలి అత్త, ఒక కూతురు నా చేతి కింద. ఇవన్నీ కారణాలే. అయినా ఆగాను అనే రాస్తున్నాను.

పాలవ్వకు చెప్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నా మాటను గాయనకు పూలదండ జేసి ఏసినవా?"

"నేను ఎయ్యలేదవ్వా, ఆయనే ఏసుకుండు."

"తీస్తవా మరి?"

నేను గంజి గిన్నె కలుపుతూ కూర్చున్నాను. ఆమె కాసేపు చూసి, "ఇయ్యాల సదవకు తీయ్. తలకాయ నొస్తాంది" అని లేచింది. ఆ తర్వాత మూడు వారాలు మధ్యాహ్నాలు రాలేదు. పొద్దున పాలు పోసేది, తిన్నవా అని అడిగేది, పోయేది. పావురాల గొణుగుడు ఒక్కటే మిగిలింది. నేను పుస్తకం తెరిచి మెల్లగా, నోట్లో నమిలినట్టు చదువుకునేదాన్ని.

వార్షికోత్సవం నాడు వసారా ముందు షామియానా వేశారు. సాయంత్రం నాలుగు గంటలు. దూరాన గుట్ట వెనక ఎండ పచ్చబడుతోంది. మైకు, కుర్చీలు, చైర్మన్, పెద్దసారు. ముందువరసలో ఆయన భార్య, సన్నటి మనిషి, చేతిలో విసనకర్ర. వెనక నేల మీద ఆడవాళ్లు. వాళ్లలో పాలవ్వ కూడా ఉంది. వస్తుందనుకోలేదు.

పెద్దసారు మాట్లాడుతూ జేబులోంచి కాగితం తీశాడు. నా వాక్యాన్ని రాసుకుని తెచ్చుకున్నాడు. "నా పుస్తకం రెండో ముద్రణకు ఇదే ముందుమాట. బడి మొహం చూడని ఒక తల్లి రాసింది. రచయిత తన భార్యను ఒక్కసారైనా మందలించలేదు."

వెనక ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె, "ఔ, అట్లనే ఉన్నది మనిషిని సూస్తె" అంది, వినబడేటట్టే. ముందువరసలో విసనకర్ర ఆగిపోయింది. మా పక్క పల్లె బిడ్డకు ఆ మాట కోప్పడడమన్న అర్థంతో చేరదు. ముప్పై ఏళ్లకు పైగా కాపురం, అయినా ఆమె ఊరి మాట ఆయన చెవిన పడలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె తలవంచుకుని విసనకర్ర అంచును వేలితో రాస్తూ కూర్చుంది. నేను మెచ్చుకోలు రాశానని ఆయన అనుకున్నాడు. ఆమె గాయాన్ని ఊరి ముందు చదివించానని ఆమె అనుకుని ఉంటుంది.

"రావమ్మా, నీ నోటితో నువ్వే చదువు" అని పెద్దసారు పిలిచాడు.

వెళ్లాను. కాగితం చేతికిచ్చాడు. మైకులో నా ఊపిరి నాకే వినిపించింది. నరసింహస్వామిని తలుచుకుందామంటే ఆయన రూపం రాలేదు, గిన్నె మూత తీసి చూస్తున్న చెయ్యి గుర్తొచ్చింది.

"సారూ, గీ మాట నాది కాదు" అన్నాను. "అగో, ఎన్క ఆడోళ్లల్ల కూసున్న పాలవ్వది. నోటుబుక్కుల నా పేరుతోని ఉన్నవన్ని ఆమెవే. నేను తోకలు మార్చిన. మా దిక్కు మందలించుడంటె కోప్పడుడు కాదు సారూ. పక్కన కూసుండి, బాగున్నవా, తిన్నవా అని అడుగుడు. పసిగుడ్డు పోయినంక మీరు అమ్మను మందలిచ్చినట్టు పుస్తకంల లేదని పాలవ్వ అన్నది. నేను గదే రాసిన."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చైర్మన్ లైబ్రేరియన్ సారు వైపు చూశాడు. లైబ్రేరియన్ సారు షామియానా కర్ర వైపు చూశాడు. పెద్దసారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, ఏ జేబులో పెట్టుకోవాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఆయన భార్య లేచింది. ఇంటికి పోతుందనుకున్నాం. ఆమె వెనక్కి నడిచి, పాలవ్వ పక్కన నేల మీద కూర్చుంది. పట్టుచీరతోనే.

పాలవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "తిన్నవా బిడ్డా."

"పొద్దున తిన్న అక్కా." విసనకర్ర పక్కన పెట్టి ఆమె అంది. "ఆడపిల్ల. జుట్టు దండిగ ఉండె."

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినబడింది. వేదిక మీదికి కూడా. పెద్దసారు కుర్చీలో మెల్లగా కూర్చోవడం చూశాను. పాలవ్వ ఇంకేమీ అడగలేదు. ఎండ గుట్ట వెనకకు దిగేదాకా ఆ ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. మిగతా సభ ఎట్లా ముగిసిందో నాకు గుర్తులేదు.

నా పర్మనెంటు కాగితం ఆ ఏడు రాలేదు. తర్వాతి ఏడూ రాలేదు. నాకు సభామర్యాద తెలియదని కమిటీలో అన్నారట. అది నిజమే. ఆరేళ్లకు వచ్చింది. ఎవరి వల్ల వచ్చిందో నేను అడగలేదు. నరసింహస్వామి గుట్టకు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

సభ అయిన పదిరోజులకు పెద్దసారు మధ్యాహ్నం పూట, మూసి ఉన్న వేళ వచ్చాడు. పాలవ్వ గడప దగ్గర ఉంది. సభ మర్నాటి నుంచే ఆమె మళ్లీ రావడం మొదలుపెట్టింది. ఆయన నిలబడే అడిగాడు. "ఏమని మొదలుపెట్టాలమ్మా? ఇన్నేళ్ల తర్వాత?"

"ఏం అనకు సారూ. పక్కన కూసో. గంతే. అడుగుడు దానంతట అదే వస్తది."

ఆయన తన పుస్తకం ఒకసారి చూడాలన్నాడు. బీరువాలోంచి తీసి ఇచ్చాను. పావుగంట బల్ల దగ్గర కూర్చుని, తిరిగి ఇచ్చి పోయాడు. రెండో ముద్రణ రాలేదు. ఆ తర్వాత చాలా రోజులకు నేను ఆ పుస్తకం సర్దుతూ, 'శిశువు దక్కలేదు' అన్న పేజీ తెరిచాను. అంచున పెన్సిల్‌తో, సన్నటి అక్షరాలతో ఉంది. 'ఆడపిల్ల. జుట్టు దండిగా ఉండేదట.' ఆ తోక ఆయనది. మాట మాత్రం ఆమెది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీ వయసు వాళ్లు నన్ను ఏదైనా చెప్పమంటారు. చెప్పేంత దాన్ని కాదు. నేను సరిగ్గా చేసిన పని ఒక్కటి చెప్పాను, అదీ నాలుగేళ్లు ఆలస్యంగా చేశాను. చేయనిది ఇంకొకటి ఉంది. తొంభైల చివర నాకు దేవరకొండ వైపు బదిలీ అయింది. పాలవ్వ మంచాన పడ్డదని కబురొచ్చింది. సెలవు దొరకదనుకున్నాను. అడిగితే దొరికేది. రెండు నెలలు ఆమె మంచం మీదే ఉండి కన్నుమూసింది. నా గిన్నె మూత తీసి చూసిన మనిషిని నేను పోయి మందలించలేదు.

ఆ పొడుగు నోటుబుక్కు ఇంకా ఎక్కడో ఏదో బీరువాలో ఉండే ఉంటుంది. మీ చేతికి ఎప్పుడైనా వస్తే కింద నా సంతకం చూసి అక్కడే ఆగకండి. ఖాళీ క్యాను పక్కన పెట్టుకుని, గడపకు ఆనుకుని, కళ్లు మూసుకుని వింటున్న ఒక మనిషిని తలుచుకోండి. ఆమెను ఒక్కసారి మందలించండి. మా వైపు అర్థంలో.